ఒక్క లెన్స్‌తో వీధి పండగ: బెజవాడ ఊరేగింపుల ఫోటోల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

వినాయక నిమజ్జనం రోజున, దసరా రోజుల్లో వన్‌టౌన్ వీధుల్లో కెమెరా పట్టుకుని తిరిగే కుర్రాళ్లు ఏటేటా పెరుగుతున్నారు. నాకది చాలా సంతోషం. నా దగ్గర ఉన్నది క్రాప్ సెన్సర్ కెమెరా (బొమ్మ పట్టే సెన్సర్ కాస్త చిన్నది), దాని మీద 35 ఎంఎం ఎఫ్/1.8 ప్రైమ్ లెన్స్, అంటే జూమ్ లేని లెన్స్, ఒక్కటే. ఎంఎం అంకె పెరిగేకొద్దీ దూరంగా ఉన్నవి పెద్దగా పడతాయి, ఎఫ్ అంకె తగ్గేకొద్దీ లోపలికి వెలుతురు ఎక్కువ వస్తుంది. పదేళ్లుగా మన ఊరి పండగలన్నీ దాంతోనే తీస్తున్నాను. రథం సెంటర్లోనో, సీతమ్మవారి పాదాల దగ్గరో కలిసినవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు నాకు తెలిసిన జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

జూమ్ ఉంటే సుఖం కదా? ఒక్క లెన్స్‌తో ఎందుకీ అవస్థ?

జూమ్ ఉంటే నిలబడ్డ చోటి నుంచి కదలక్కర్లేదు. నా అభ్యంతరం సరిగ్గా అక్కడే. రోడ్డుకి అవతల నిలబడి 200 ఎంఎంతో డప్పు కొట్టే మనిషి మొహం తీస్తే మొహం బాగానే వస్తుంది. కానీ ఆయనకి మీరెవరో తెలియదు, మీకు ఆయన పేరు తెలియదు. అదే 35తో ఆ మొహం కావాలంటే ఆయనకి నాలుగైదు అడుగుల దగ్గరికి వెళ్లాలి. అంత దగ్గరికి వెళ్లాక పలకరించకుండా ఉండలేం. చూపు కలుస్తుంది. ఆయన తలాడిస్తాడు, లేదంటే చెయ్యి అడ్డం పెడతాడు. రెండిట్లో ఏదైనా మనకి జవాబు దొరికినట్టే. బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ కోసం ప్రైమ్ కొనుక్కునేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను మాత్రం ఈ దగ్గరితనం కోసమే దాన్ని వాడుతున్నాను.

ఇంకో కారణం కూడా ఉంది. మొదట్లో నేను కూడా రెండు లెన్సులు తీసుకెళ్లేవాణ్ణి. ఒక నిమజ్జనంలో కొత్తపేట దగ్గర లెన్స్ మారుస్తుంటే పక్కనే ఎవరో గుప్పెడు గులాల్ ఎగరేశారు. కెమెరా నోరు తెరిచి ఉంది. ఆ రోజు ఆ తర్వాత తీసిన ఫోటోలన్నిట్లో ఒకే చోట మచ్చలు. సెన్సర్ శుభ్రం చేయించడానికి వారం పట్టింది. పండగ మధ్యలో లెన్స్ తియ్యడం ఆ రోజుతో మానేశాను. ఒక్కటే లెన్స్ ఉంటే అసలు తియ్యాలన్న ఆలోచనే రాదు.

35 కొనాలా, 50 కొనాలా?

ముందు మీ కెమెరా ఏదో చూసుకోండి. నికాన్, సోనీ, ఫ్యూజీ క్రాప్ కెమెరాల్లో లెన్స్ అంకెని 1.5తో, కెనాన్ క్రాప్ కెమెరాల్లో 1.6తో గుణిస్తే ఫుల్‌ఫ్రేమ్ (పాత ఫిల్మ్ సైజు ఉండే పెద్ద సెన్సర్) లెక్క వస్తుంది. అంటే క్రాప్ మీద 50 పెడితే అది 75 నుంచి 80 ఎంఎంలాగా పనిచేస్తుంది. తక్కువ ధరకి వస్తుందని అందరూ మొదట కొనేది 50 ఎఫ్/1.8నే. లెన్స్‌గా మంచిదే, తేలిక కూడా. కెనాన్ ఎస్‌టీఎం 50 అయితే 160 గ్రాములే. కానీ క్రాప్ కెమెరా మీద బ్రాహ్మణ వీధి లాంటి ఇరుకు చోట అది బాగా ఇబ్బంది పెడుతుంది. వెనక్కి జరుగుదామంటే వీపుకి గోడ తగులుతుంది.

నా సలహా: క్రాప్ కెమెరా అయితే 35 గానీ 24 గానీ తీసుకోండి. ఫుల్‌ఫ్రేమ్ అయితే 35 లేదా 50. ఇప్పటికే క్రాప్ మీద 50 ఉన్నవాళ్లు కొత్తది కొనేదాకా ఆగాల్సిన పనిలేదు. ఊరేగింపు మధ్యలోకి వెళ్లకుండా మొహాలు, చేతులు, హారతి పళ్లేలు తియ్యండి. ఆ పనికి అది చాలా బాగుంటుంది.

మీరు ఎప్పుడూ చెప్పే పదడుగుల లెక్క ఏమిటి?

ప్రైమ్‌తో నేర్చుకోవాల్సిన అసలు విద్య ఇదే. కెమెరా కంటికి పెట్టకముందే ఫ్రేమ్‌లో ఎంత పడుతుందో తెలియాలి.

క్రాప్ సెన్సర్ మీద 35 ఎంఎం అయితే ఎంత దూరంలో నిలబడతామో అందులో మూడింట రెండు వంతులు ఫ్రేమ్ పొడుగు వైపు పడుతుంది. 10 అడుగుల దూరంలో సుమారు 6 అడుగుల 8 అంగుళాలు. కెమెరా నిలువుగా పట్టుకుంటే మనిషి తల నుంచి కాలి దాకా వచ్చి, పైనా కిందా కాస్త చోటు మిగులుతుంది. 5 అడుగుల దూరంలో నిలువుగా పడితే నడుము నుంచి పైకి వస్తుంది. 3 అడుగుల్లో మొహం, భుజాలు. అంతే, ఈ మూడూ గుర్తుంటే చాలు. ఫుల్‌ఫ్రేమ్ మీద 35 ఉన్నవాళ్లకి, క్రాప్ మీద 24 ఉన్నవాళ్లకి లెక్క ఇంకా తేలిక. ఎంత దూరమో దాదాపు అంత వెడల్పు.

దూరాన్ని కంటితో అంచనా వెయ్యడం ఇంట్లోనే సాధన చెయ్యొచ్చు. ఈ మధ్య కట్టిన ఇళ్లల్లో చాలావరకు రెండడుగుల టైల్సే ఉంటాయి. ఐదు టైల్స్ లెక్కపెడితే పదడుగులు. ఇంట్లోవాళ్లని ఆ చివర నిలబెట్టి, ముందు "ఇంతే పడుతుంది" అని మనసులో అనుకుని, తర్వాత కెమెరాలో చూడండి. వీధిలో అయితే ఆటో పనికొస్తుంది. ఆటో పొడవు ఎనిమిదిన్నర అడుగుల పైమాటే. ఒక ఆటో, ఆపైన ఒక అడుగున్నర అనుకుంటే సరిపోతుంది. రెండు వారాలు ఇలా చేస్తే కాళ్లే వెళ్లి సరైన చోట ఆగుతాయి.

విగ్రహం మొత్తం ఫ్రేమ్‌లో పట్టడం లేదు. ఏం చెయ్యాలి?

పట్టదు. లెక్క చూడండి: 12 అడుగుల వినాయకుడు, కింద ట్రాక్టర్ ట్రక్కు ఎత్తు ఒక 4 అడుగులు. మొత్తం 16. నిలువుగా పట్టినా కనీసం 24 అడుగులు వెనక్కి వెళ్లాలి. పాతబస్తీలో చాలా వీధులు అంత వెడల్పే ఉండవు, ఉన్నా మధ్యలో వందమంది డాన్స్ చేస్తుంటారు. కాబట్టి మొత్తం విగ్రహం కావాలంటే పందిట్లో ఉన్నప్పుడే, ఊరేగింపుకి ముందు రోజు పొద్దున్నే వెళ్లి తీసుకోండి.

ఊరేగింపులో నేను చేసే పని మేడ ఎక్కడం. మొదటి అంతస్తు వరండాలో నిలబడితే స్వామి మొహం మన కళ్లకి ఎదురుగా, పది పన్నెండు అడుగుల దూరంలో వస్తుంది. తెలియని ఇల్లే అయినా "అమ్మా, స్వామి వచ్చినప్పుడు ఒక్క పది నిమిషాలు మీ వరండాలో నిలబడొచ్చా?" అని మధ్యాహ్నమే వెళ్లి అడిగితే కాదన్నవాళ్లు నాకు ఇద్దరో ముగ్గురో తప్ప తగల్లేదు. బండి వీధిలోకి వచ్చాక పరిగెత్తుకెళ్లి తలుపు కొడితే ఎవరైనా ఏమంటారు?

ఇక, విగ్రహం పట్టకపోవడం వల్ల నాకు దొరికిన ఫోటో ఒకటుంది. ప్రతి బండి మీదా స్వామి చెవి పక్కన ఒక కుర్రాడు నిలబడి ఉంటాడు, చూశారా? చేతిలో పొడుగాటి వెదురు కర్ర, చివర చీలిక. వీధికి అడ్డంగా వేలాడే కేబుల్ వైర్లని ఆ చీలికతో పైకెత్తి, కిరీటం దాటేదాకా పట్టుకుని, నెమ్మదిగా వెనక్కి వదులుతాడు. కింద డీజే మోగిపోతున్నా, ఊరంతా ఊగిపోతున్నా అతను ఆడడు. మెడ ఎత్తి పైకే చూస్తుంటాడు. ఒక చెయ్యి కర్ర మీద, రెండో చెయ్యి స్వామి భుజం మీద ఆనించి ఉంటుంది, పడిపోకుండా. నేను చూసిన ఒక కుర్రాడి అరచేతికి తువ్వాలు చుట్టి ఉంది, వెదురు పేళ్లు గుచ్చుకోకుండా. ఆ చెయ్యి, ఆ తువ్వాలు, స్వామి చెవి సగం, పైన వంగిన వైరు. అంతే ఫోటో. విగ్రహం మొత్తం పట్టే లెన్స్ ఉండి ఉంటే నేను ఆ అబ్బాయిని చూసేవాణ్ణే కాదేమో.

ఎన్నింటికి వెళ్లాలి?

బండి కదిలే టైముకి రెండు గంటల ముందు. దీని గురించి నేను గట్టిగా చెబుతాను. చాలామంది వెలుతురు తగ్గాక, జనం నిండాక వస్తారు. అప్పటికి మంచి సగం అయిపోయి ఉంటుంది.

ముందే వెళితే డప్పులు కాచడం చూడొచ్చు. తోలు డప్పుకి వేడి తగిలితేనే చర్మం బిగిసి మోత వస్తుంది. పాత కాగితాలో, ఎండు కొబ్బరి మట్టలో రోడ్డు పక్కన మంట వేసి, డప్పుని మంటకి ఎదురుగా పట్టి తిప్పుతారు. మధ్యమధ్యలో వేలితో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని వింటారు. ఇంకా మెత్తగా ఉంటే మళ్లీ మంట దగ్గరికి. ఇప్పుడు చాలా బృందాలు ఫైబర్ డప్పులకి మారాయి, వాటికి ఈ పని అక్కర్లేదు. కాబట్టి తోలు డప్పులు కనిపిస్తే వదలకండి, కూర్చోండి. ఆ మంట వెలుతురు కింద నుంచి మొహాల మీద పడుతుంది, ఎఫ్/2 దగ్గర ఇంకే లైటూ అక్కర్లేదు.

అంతకంటే ముఖ్యం, అప్పుడు వాళ్లకి తీరిక ఉంటుంది. కెమెరా ఒళ్లో పెట్టుకుని "ఏ ఊరు బాబాయ్? ఎన్నేళ్ల నుంచి వస్తున్నారు?" అని అడిగితే చెబుతారు. టీ తాగుతారు, మీకూ ఇప్పిస్తారు. రెండు గంటల తర్వాత అదే మనుషుల మధ్యకి మూడడుగుల దగ్గరికి వెళ్లినా ఎవరూ మిమ్మల్ని పరాయివాడిలా చూడరు.

వెలుతురు సంగతి కూడా గుర్తుపెట్టుకోండి. ఇంద్రకీలాద్రి పడమటి వైపు ఉంది కాబట్టి కొండ కింది వీధుల్లో ఎండ తొందరగా పోతుంది. సాయంత్రపు పసుపు వెలుతురు కావాలంటే కాస్త ఎడంగా, వీధులు విశాలంగా ఉన్న చోట వెతుక్కోవాలి.

గుంపులో ఆటోఫోకస్ ఎవరి మీదో పడుతోంది. ఎలా?

పగలైతే ఆటోఫోకస్ ఆపెయ్యండి. ఎపర్చర్ (వెలుతురు వచ్చే లెన్స్ రంధ్రం) ఎఫ్/8 పెట్టి, 10 అడుగుల దూరంలో ఉన్న దేనిమీదైనా ఫోకస్ చేసి, స్విచ్ మాన్యువల్‌కి మార్చండి. క్రాప్ మీద 35 ఎంఎంకి ఆ సెట్టింగులో దాదాపు 7 అడుగుల నుంచి 16 అడుగుల దాకా అంతా షార్ప్‌గా వస్తుంది. ఇక ఫోకస్ గురించి ఆలోచించే పనే లేదు, మనిషి ఆ దూరంలోకి రాగానే నొక్కడమే. పాత లెన్సుల మీద దూరం అంకెలు ఉండేవి. ఇప్పటి చవక ప్రైమ్‌ల మీద ఉండటం లేదు. అందుకే ముందు ఆటోతో పట్టి తర్వాత మాన్యువల్‌కి మార్చమంటున్నాను. రింగు మీద చెయ్యి తగిలి కదలకుండా చిన్న టేపు ముక్క అంటించండి.

రాత్రి ఇది కుదరదు. ఎఫ్/2 దగ్గర 10 అడుగుల్లో షార్ప్‌గా ఉండేది రెండడుగుల మందమే. 5 అడుగుల దగ్గరికి వెళ్లి ఎఫ్/1.8 వాడితే అయిదారు అంగుళాలు. అప్పుడు ఆటోఫోకస్ ఒక్క పాయింట్ మీద పెట్టి, దగ్గరగా ఉన్న కంటి మీద పట్టాలి.

రాత్రి సెట్టింగులు చెప్పండి.

నేను మొదలుపెట్టేది ఎఫ్/2, షట్టర్ 1/125 సెకను, ఐఎస్ఓ (తక్కువ వెలుతురులో ఫోటోని ఎంత ప్రకాశవంతం చెయ్యాలో చెప్పే అంకె) 3200 దగ్గర. వీధి దీపాలు, సీరియల్ సెట్లు ఉన్న చోట ఇది సరిపోతుంది. సందులోకి పోతే ఐఎస్ఓ 6400కి వెళ్లడానికి భయపడకండి. గరుకు ఉన్న ఫోటోని చూడొచ్చు, కదిలిపోయిన మొహాన్ని చూడలేం.

కొన్ని ఫోటోల్లో అడ్డంగా నల్లటి పట్టీలు వస్తున్నాయని చాలామంది టెన్షన్ పడి కెమెరా పాడైందనుకుంటారు. కెమెరాకి ఏమీ కాలేదు. మన కరెంటు 50 హెర్ట్జ్, దానిమీద నడిచే చాలా లైట్లు సెకనుకి 100 సార్లు వెలుగుతూ తగ్గుతూ ఉంటాయి. షట్టర్ అంతకంటే వేగంగా ఉంటే ఆ తేడా పట్టీలుగా కనిపిస్తుంది. 1/100 గానీ 1/50 గానీ పెడితే చాలావరకు పోతుంది. కెమెరాలో యాంటీ ఫ్లికర్ అని ఉంటే ఆన్ చెయ్యండి. డీజే బండి మీది రంగు లైట్లు, ఎల్‌ఈడీ తెరలు వాటి లెక్కలో అవి మిణుకుతాయి. అక్కడ రెండు మూడు స్పీడ్లు మార్చి చూసుకోవడమే దారి.

ఫ్లాష్ నేను వాడను. ఆ రంగుల వెలుతురే పండగ. దాన్ని చెరిపేసి తెల్లటి మొహాలు తీసుకుని ఏం చేసుకుంటాం?

డప్పు కర్ర కదలిక చూపించాలంటే?

1/500 పెడితే కర్ర గాల్లో ఆగిపోతుంది, గులాల్ రేణువులు కూడా విడివిడిగా కనిపిస్తాయి. కానీ డప్పుకి నాకు 1/60 ఇష్టం. మొహం నిశ్చలంగా ఉండి, కుడిచేతి లావు కర్ర కొద్దిగా, ఎడమచేతి సన్న పుల్ల పూర్తిగా చెరిగిపోయి వస్తాయి. దరువుకి ముందు కొట్టేవాళ్లు ఒక్క క్షణం బిగబడతారు. ఆ క్షణంలో నొక్కాలి. పది నొక్కితే ఒకటి వస్తుంది. అది చాలు.

భవానీల ఎర్ర బట్టలు ముద్దలాగా వస్తున్నాయి, మడతలు కనిపించడం లేదు.

దసరా చివరి రోజుల్లో భవానీ దీక్ష తీసుకున్నవాళ్లు వేలల్లో వస్తారు, వీధంతా ఎరుపే. కెమెరా మీటరు మొత్తం వెలుతురు చూసి సరే అంటుంది గానీ ఎరుపు ఛానల్ ఒక్కటే నిండిపోయి ఉంటుంది. హిస్టోగ్రామ్‌ని (ఫోటోలో వెలుతురు ఎంత పడిందో కెమెరా చూపించే గ్రాఫ్) మూడు రంగులు విడిగా కనిపించేలా పెట్టుకోండి. ఎర్ర గీత కుడి అంచుకి గుద్దుకుంటుంటే ఎక్స్‌పోజర్ 2/3 స్టాప్ నుంచి ఒక స్టాప్ దాకా (ఒక స్టాప్ తగ్గిస్తే వెలుతురు సగమవుతుంది) తగ్గించండి. రా (RAW) ఫైల్‌లో, అంటే కెమెరా కుదించకుండా ఉంచే ఫైల్‌లో తియ్యండి. జేపెగ్ మాత్రమే తీసేవాళ్లయితే పిక్చర్ స్టైల్ న్యూట్రల్‌లో పెట్టండి. ఎర్ర చీర మీద పసుపు మరక, కుంకుమ బొట్టు విడిగా కనిపించాలి. అవి కలిసిపోతే ఆ ఫోటోకి అర్థం లేదు.

దసరాకి, నిమజ్జనానికి తీసే పద్ధతిలో తేడా ఉందా?

చాలా ఉంది. నిమజ్జనంలో పండగ మన దగ్గరికి నడిచి వస్తుంది. దసరాలో జనం అమ్మవారి దగ్గరికి నడుస్తారు, మనం పక్కన నిలబడతాం. వినాయకుడి గుడి దగ్గర నుంచి కొండ దాకా క్యూలైన్లు సాగుతాయి. మూలా నక్షత్రం రోజు, అమ్మవారు సరస్వతీదేవిగా దర్శనమిచ్చే రోజు, రద్దీ అన్నిటికంటే ఎక్కువ. ఆ క్యూలో నాన్న భుజం మీద నిద్రపోయే పిల్లలు, గొలుసులా చేతులు పట్టుకున్న అక్కచెల్లెళ్లు, చెప్పులు సంచిలో పెట్టుకుని రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టే ముసలమ్మలు. బారికేడ్ బయట నుంచి ఐదారు అడుగుల దూరం. 35కి ఇంతకంటే సరైన చోటు బెజవాడలో నాకు తెలియదు.

విజయదశమి నాటి తెప్పోత్సవం మాత్రం ఈ లెన్స్‌కి అందదు. హంస వాహనం నది మధ్యలో ఉంటుంది, ఫోటోలో అగ్గిపుల్ల తలంత వెలుగు పడుతుంది. నదిలో వరద ఎక్కువగా ఉన్న ఏడు దాన్ని నీళ్లలో తిప్పకుండా ఒడ్డునే ఉంచి పూజ చేస్తారు. నేను నదికి వీపు పెట్టి నిలబడతాను. బాణసంచా వెలిగినప్పుడల్లా ఘాట్ మెట్ల మీది మొహాలన్నీ ఒకేసారి ఎర్రగా, ఆకుపచ్చగా మారతాయి.

అందరినీ అడిగే తియ్యాలా?

వీధంతా ఆడుతుంటే ప్రతి మనిషినీ అడగడం కుదరదు, అవసరం కూడా లేదు. కెమెరా ఎత్తినట్టు వాళ్లకి కనిపించాలి, అది చాలు. దాచి తియ్యొద్దు. నడుము దగ్గర పట్టుకుని ఎటో చూస్తున్నట్టు నటించొద్దు. ఎవరైనా వద్దని చెయ్యి ఊపితే దించెయ్యండి. "సరేనమ్మా, తియ్యను" అని నోటితో చెప్పండి. అప్పటికే తీసి ఉంటే వాళ్ల ముందే డిలీట్ చేసి చూపించండి.

కొన్ని మాత్రం అడిగినా తియ్యకూడనివి ఉన్నాయని నా నమ్మకం. దుర్గా ఘాట్‌లో, పద్మావతి ఘాట్‌లో ఆడవాళ్లు స్నానాలు చేసి బట్టలు మార్చుకుంటారు. అక్కడ నేను లెన్స్‌కి మూత పెట్టేస్తాను. తడిబట్టల్లో ఉన్న మనిషి వైపు కెమెరా తిప్పడానికి ఏ కళా సమర్థన కాదు.

పూనకం వచ్చినవాళ్ల సంగతి ఇంకొకటి. ఒకసారి అమ్మవారి ఊరేగింపులో ఒకావిడకి పూనకం వస్తే నాలుగైదు ఫోటోలు తీశాను. ఆమె కూతురు వచ్చి, గట్టిగా అరవకుండా, "మా అమ్మకి రేపు ఇదేమీ గుర్తుండదు. మీ ఫోటోలో మాత్రం ఉంటుంది" అంది. ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. అన్నీ డిలీట్ చేసేశాను. ఒప్పుకునే స్థితిలో లేని మనిషిని తియ్యడం ఆ రోజు మానేశాను. తాగి పడిపోయినవాళ్ల సంగతీ అంతే. పిల్లలైతే పక్కన ఉన్న పెద్దవాళ్లని అడగండి, పేరూ వీధీ రాసి ఎక్కడా పెట్టొద్దు.

2024లో సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు మునిగితే, 7వ తేదీకే చవితి వచ్చింది. ఆ ఏడు కెమెరా బీరువాలో పెట్టేశాను. తీసినవాళ్లని తప్పుపట్టను, ఆ ఫోటోల వల్లే బయటివాళ్లకి కష్టం తెలిసింది. నాకు మాత్రం చెయ్యి రాలేదు.

కొండ మీద, గుడి లోపల తియ్యొచ్చా?

గర్భాలయంలో, దర్శనం దగ్గర ఫోటోలు నిషేధం. నియమం ఉందని కాకపోయినా, అక్కడికి వెళ్లినప్పుడు దణ్ణం పెట్టుకుని రావడమే నాకు ఇష్టం.

బండి ముందు వెనక్కి నడుస్తూ తియ్యొచ్చా? ఫోటోలు బాగా వస్తాయంటారు.

వద్దు. దీనికి సర్దుబాటు లేదు. ప్రైమ్ ఉన్నవాళ్లకి ఈ ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే ఫ్రేమ్ పట్టక వెనక్కి జరగాలనిపిస్తుంది. కంటికి కెమెరా ఉంటే పక్కన ఏముందో కనిపించదు, డీజే మోతలో ట్రాక్టర్ ఇంజను శబ్దం వినిపించదు, డ్రైవరుకి విగ్రహం అలంకరణ వల్లా జనం వల్లా ముందు చక్రం దగ్గర ఎవరున్నారో తెలియదు. బండి కంటే ముందే వెళ్లి, అరుగు మీదో మెట్టు మీదో నిలబడి, దాన్ని మన దగ్గరికి రానివ్వండి, దాటి పోనివ్వండి. మళ్లీ పక్క సందులోంచి ముందుకెళ్లండి. వన్‌టౌన్‌లో సందులకేం కొదవ?

ఘాట్ దగ్గర ఆఖరి మెట్టు దిగొద్దు. బ్యారేజీ గేట్లు ఎత్తి ఉన్న రోజుల్లో అయితే తాడు కట్టిన చోటికి కూడా వెళ్లకండి. చెవుల్లో దూది పెట్టుకోండి, డీజే స్పీకర్లకి పది అడుగుల్లో గంటసేపు ఉంటే మర్నాటి దాకా చెవుల్లో గింగురుమంటుంది.

గులాల్, వాన?

పాలిథిన్ కవరు, రబ్బరు బ్యాండు. లెన్స్ మొహం దగ్గర కవరుకి చిల్లు పెట్టి బ్యాండు వెయ్యండి. మిగతాచోట్ల యూవీ ఫిల్టర్ అనవసరం అంటాను గానీ నిమజ్జనానికి మాత్రం పెడతాను. కొబ్బరినీళ్లు, రంగు, అన్నీ దాని మీదే పడతాయి. పొడి పడినప్పుడు గుడ్డతో తుడవకండి, గీతలు పడతాయి. ముందు బ్లోయర్‌తో ఊదాలి, ఆ తర్వాతే గుడ్డ.

ఫోన్‌తో కుదరదా?

భేషుగ్గా కుదురుతుంది. 1ఎక్స్ దగ్గర ఉంచి, వేళ్లతో జూమ్ చెయ్యనని ఒట్టు పెట్టుకోండి. ఫోన్ల మెయిన్ కెమెరా ఫుల్‌ఫ్రేమ్ లెక్కలో 24 నుంచి 26 ఎంఎం ఉంటుంది కాబట్టి ఇంకా దగ్గరికి వెళ్లాలి. పైన చెప్పిన దూరం లెక్కలు మారతాయి, పద్ధతి అదే.

ఎవరి ఫోటోలు చూసి నేర్చుకోవచ్చు?

50 ఎంఎం ఒక్కదానితోనే చాలావరకు జీవితమంతా తీసిన ఫ్రెంచ్ ఫోటోగ్రాఫర్ ఆన్రీ కార్టియర్ బ్రెస్సాఁ ఫోటోలు అందరూ చూపిస్తారు, చూడండి. మన తెలుగువాళ్లలో గుడిమల్ల భరత్ భూషణ్ గారివి వెతికి చూడండి. వరంగల్ మనిషి, 2022లో పోయారు. తెలంగాణ పల్లె ఇళ్లు, తలుపులు, ఆడవాళ్లు, బతుకమ్మ. ఆ మనుషులకి ఆయన ఎంత దగ్గరివాడో ఫోటోలోనే తెలుస్తుంది.

తీసినవి ఏం చెయ్యాలి?

ఒక రాత్రికి నాలుగైదు వందలు వస్తాయి. వారం ఆగి చూడండి, మోత చెవుల్లోంచి పోయాక. నేను ఇరవై ఉంచుతాను.

ఆ ఇరవైలో ఉన్నవాళ్లకి ప్రింట్లు ఇవ్వండి. 4×6 అంగుళాల సైజు చాలు. కెమెరా ఫ్రేమ్ కూడా 3:2 నిష్పత్తే కాబట్టి ఎక్కడా కోత పడదు. ఫోన్‌కి పంపిస్తే గుంపులో కలిసిపోతుంది, కాగితం అయితే ఇంట్లో అద్దం అంచున ఉంటుంది. వెనక మార్కర్‌తో సంవత్సరం, వీధి పేరు రాసి, మరుసటి ఏడు డప్పులు కాచే మంట దగ్గరికే తీసుకెళ్లండి. వాళ్లు దాదాపు ప్రతి ఏడూ అక్కడికే వస్తారు.

పోయిన ఏడు ఒకాయనకి అలాగే ప్రింట్ ఇచ్చాను. ఫోటోలో నడిమధ్య ఆయన మొహమే ఉంది. ఆయన దాన్ని చూడలేదు. అంచున సగం మాత్రమే పడిన ఒక చేతిని వేలితో చూపించి, "ఇది మా అన్న చెయ్యి బాబూ. ఈ ఏడు ఒంట్లో బాగాలేక రాలేదు. ఆయనకొకటి ఇస్తావా?" అన్నాడు. మర్నాడు ఇంకొకటి తీయించి ఇచ్చాను. ఇప్పుడు ప్రతి ఫోటోకీ రెండేసి కాపీలు తీయించి పెట్టుకుంటున్నాను.